తాళంచెవి ఎవరి దగ్గర?

పోయినేడు మా అమ్మకు తుంటి ఆపరేషన్ అయితే గుంటూరులో ఒక ఆసుపత్రిలో పది రోజులు ఉన్నాం. మూడో అంతస్తు. రాత్రిళ్లు నిద్రపట్టక వరండాలో తిరుగుతుంటే చివర ఆకుపచ్చ దీపం కనిపించింది, పరుగెత్తే మనిషి బొమ్మతో. దాని కింద తలుపు. తలుపుకు గొలుసు, గొలుసుకు తాళం.

“ఇది తెరవరా బాబాయ్?” అని కాపలా ఆయన్ని అడిగాను.

“పేషెంట్ల తాలూకు వాళ్లు ఈ మెట్లమీంచి ఎక్కి వచ్చేస్తున్నారండీ. మొన్న రెండు ఫోన్లు కూడా పోయాయి.”

“మరి తాళంచెవి?”

“సూపర్‌వైజర్ గారి దగ్గరుంటది. పొద్దున తొమ్మిదింటికి వస్తారు.”

ఆయన్ని తప్పుపట్టలేం. దొంగల్ని ఆపమన్నారు, ఆపాడు. భద్రత అంటే బయటివాళ్లను లోపలికి రానివ్వకపోవడమే అనుకునేది ఆయనొక్కడే కాదు. మన బళ్లూ ఆసుపత్రులూ చాలావరకు ఆ లెక్కమీదే నడుస్తున్నాయి. నిప్పంటుకుంటే లోపలివాళ్లు బయటపడాల్సిన దారి కూడా ఆ తలుపేనని గుర్తుండదు. ఇలాంటి అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: మంట కనిపించాక పరుగెత్తినా సరిపోతుంది.

2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున కోల్‌కతాలోని ఏఎంఆర్‌ఐ ఆసుపత్రి సెల్లార్‌లో నిప్పు అంటుకుంది. కార్లు పెట్టుకోవాల్సిన ఆ చోటిని సామాన్ల గోదాము చేశారు. అక్కడ పుట్టిన పొగ ఏసీ గొట్టాల వెంట పై అంతస్తులకు ఎగబాకింది. భవనం చుట్టూ మూసేసిన అద్దాలు, పొగకు బయటికి దారి లేదు. దాదాపు 90 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమందికి మంట సెగ కూడా తగల్లేదు, మంచాలమీదే ఊపిరాడక పోయారు. పొగ వాసన పసిగట్టి పక్క బస్తీవాళ్లు పరుగున వస్తే గేటు దగ్గర కాపలావాళ్లు మొదట వెనక్కి పంపారని అప్పట్లో పెద్ద ఆరోపణ. తర్వాత వెదురుబొంగులు కట్టుకుని ఎక్కి రోగుల్ని దించినవాళ్లలో ఆ బస్తీ కుర్రాళ్లే ఉన్నారు.

ఇక్కడ ఇంకో సంగతి. సెల్లార్ ఖాళీ చేస్తామని ఆ ఆసుపత్రి అంతకు కొన్ని నెలల ముందే అగ్నిమాపక శాఖకు రాసిచ్చింది. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతిపత్రం) ఉందా అని అడిగి ఊరుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ కాగితం తనిఖీ జరిగిన రోజు సంగతి చెబుతుంది, ఇవాళ మెట్లకింద అట్టపెట్టెలు ఉన్నాయో లేదో చెప్పదు. ఆ మాటకొస్తే అది చూడటానికి ఇన్‌స్పెక్టరే రానక్కర్లేదు, మీరూ నేనూ చాలు.

అపోహ: గోడకు ఎర్ర సిలిండర్లు ఉన్నాయిగా!

ఉంటాయి. దసరాకి ఆయుధపూజలో బొట్లు కూడా పెడతారు. నాకు తెలిసిన ఒక బడిలో సిలిండర్‌కు వాడిపోయిన బంతిపూల దండ ఉంది, పసుపు కుంకుమ ఉన్నాయి, మీటర్లో ముల్లు మాత్రం ఎరుపులో ఉంది. అది ఆకుపచ్చలో ఉంటేనే లోపల ఒత్తిడి ఉన్నట్టు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు ఆ ముల్లు కూడా ఉండదు, తూకం వేసి చూసుకోవాలి. అన్నీ సరిగ్గా ఉన్నా చేతిలో పట్టుకునే సిలిండర్ అరనిమిషం కూడా రాదు. పిన్ను లాగి, మంట కొసకు కాక మొదలుకు గురిపెట్టాలని తెలియనివాడి చేతిలో ఆ అరనిమిషం గాల్లో కలిసిపోతుంది. కాబట్టి ఎన్ని సిలిండర్లున్నాయని కాదు, ఆయాకీ వాచ్‌మన్‌కీ వాడటం వచ్చా అని అడగాలి. మంట చిన్నదేలే, మనమే ఆర్పుకుందాం, బయటికి తెలిస్తే పరువు పోతుంది అని 101కి ఫోన్ చేయకుండా ఆలస్యం చేసే అలవాటైతే ఏ సిలిండర్‌తోనూ పోదు.

అపోహ: ఏడాదికోసారి మాక్‌డ్రిల్ చేస్తున్నాం, చాలు.

ప్రార్థన అయ్యాక పిల్లల్ని వరసలో నిలబెట్టి, గంట కొట్టి, మైదానంలోకి నడిపించి, ఫొటో తీసి పంపేస్తే అది డ్రిల్లు కాదు, కవాతు. 2004 జులై 16న కుంభకోణంలో వంటగది నిప్పు బడి పూరికప్పుకు అంటుకున్నప్పుడు పైఅంతస్తు పిల్లలకు దొరికింది ఇరుకు మెట్లదారి. 94 మంది పసివాళ్లు కాలిపోయారు. ఆ దుర్ఘటన నేపథ్యంలో వేసిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 2009లో సురక్షితమైన బడి కూడా చదువుకునే హక్కులో భాగమేనని తేల్చింది.

పనికొచ్చే డ్రిల్లు వేరేలా ఉంటుంది. చెప్పకుండా, మధ్యాహ్న భోజనం వేళ గంట కొట్టాలి. “ఈ మెట్లు పొగతో నిండిపోయాయి” అని ఒక దారిని మూసెయ్యాలి. హాజరుపట్టీ టీచర్ చంకలో ఉండాలి, ఎందుకంటే మైదానంలో తలలు లెక్కపెడితే తప్ప బాత్రూంలో ఒకడు మిగిలిపోయాడని తెలియదు. మొదటిసారి గందరగోళం ఖాయం. ఆ గందరగోళం చూడటానికే డ్రిల్లు.

ఆసుపత్రి డ్రిల్లు బడి డ్రిల్లులా ఉండదు. వెంటిలేటర్ మీదున్న మనిషిని నాలుగంతస్తులు దించలేరు. అందుకే అదే అంతస్తులో, పొగను ఆపే తలుపు దాటించి పక్క భాగంలోకి చేర్చడమే మొదటి పని. కిందికి దించడం తర్వాత. ఆ తలుపు దానంతటదే మూసుకోవాలి. ట్రాలీలు తిరగడానికి అడ్డంగా ఉందని దానికి ఇటుకో ఖాళీ సిలిండరో అడ్డం పెట్టి తెరిచి ఉంచితే అది గోడకు కన్నమే. పసిపిల్లల వార్డుల్లో ప్రమాదం మరీ ఎక్కువ. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఆక్సిజన్ పెట్టే ఆ వార్డుల్లో అది కాస్త పెరిగినా, నిప్పురవ్వ తగిలితే గుడ్డ, పరుపు భగ్గుమంటాయి. పైగా రాత్రీ పగలూ ఆగకుండా నడిచే యంత్రాలు, ఒకే ప్లగ్గుకు మూడు వైర్లు. 2021 జనవరి 9న మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో నిప్పంటుకుంటే 17 మంది శిశువుల్లో ఏడుగుర్నే కాపాడగలిగారు. 2024 నవంబర్ 15 రాత్రి ఝాన్సీ వైద్య కళాశాల శిశువుల వార్డులో మంటలకు పది మంది పసికందులు అప్పటికప్పుడే పోయారు. రెండూ రాత్రివేళే జరిగాయి. డ్రిల్లు మాత్రం మనం డైరెక్టరుగారు ఉండే పగటిపూట చేస్తాం!

అపోహ: కెమెరాలు పెడితే పిల్లలకు భయం లేదు.

2025 జులైలో సీబీఎస్ఈ తన బళ్లలో ధ్వనితో సహా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, కనీసం 15 రోజుల రికార్డింగు దాచాలని నిబంధన తెచ్చింది. మంచిదే. తర్వాత విచారణకు పనికొస్తుంది. కానీ జరిగేదాన్ని ఆపాలంటే ఆ తెర ముందు ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి. పైగా కెమెరా కొత్తముఖాన్ని పట్టిస్తుందేమో కానీ, రోజూ తిరిగేవాడిని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. 2022లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక బడిలో పసిపాపపై అఘాయిత్యం చేసినవాడు ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. మరుసటేడు కోర్టు 20 ఏళ్ల శిక్ష వేసింది. ఇంటిదొంగ అన్న మాట ఊరికే పుట్టలేదు.

ఇలాంటప్పుడు “మనలో మనం మాట్లాడుకుందాం” అంటాయి యాజమాన్యాలు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం నేరం. మామూలు మనిషికి ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు. 1098కి పిల్లలే నేరుగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు ఆఫీసు గదిలో ఫ్రేము కట్టి కాదు, పిల్లల కంటికి ఆనే ఎత్తులో రాయాలి. పిల్లలు చెప్తారు, వినేవాళ్లుంటే. 2025 జులైలో రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పైనుంచి రాళ్లు రాలుతున్నాయని ముందే చెప్పామని బతికిన పిల్లలు అన్నారు.

అపోహ: బౌన్సర్లను పెడితే డాక్టర్ల మీద దాడులు ఆగుతాయి.

దాడికి మూడేళ్ల వరకు జైలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే చట్టం చేసింది. గొడవలు మాత్రం ఆగలేదు. చావు కబురు వరండాలో నిలబడి, బిల్లు కాగితంతో పాటు, రెండు రోజులుగా నిద్రలేని జూనియర్ చేత చెప్పించినంతకాలం కండలు తిరిగినవాళ్లు ఎంతమందున్నా అంతే. సీనియర్ వచ్చి, కూర్చోబెట్టి, రెండు తలుపులున్న గదిలో చెప్పాలి. డాక్టరు కుర్చీ తలుపుకు దగ్గరగా ఉండాలి. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో బలైన వైద్యురాలు రాత్రి డ్యూటీలో కాస్త నడుం వాల్చడానికి సెమినార్ హాలుకు వెళ్లింది. హంతకుడు ఆసుపత్రిలో అడ్డూ ఆపూ లేకుండా తిరిగే పోలీసు వాలంటీరు. ఆమెకు కావలసింది లోపలినుంచి గడియపడే గది. అక్కరలేని చోట గొలుసులు, అవసరమైన చోట గడియకు దిక్కులేదు.

అమ్మను ఇంటికి తీసుకెళ్లే రోజు ఫిర్యాదు పుస్తకంలో ఆ మెట్ల తలుపు సంగతి రాశాను. రెండు నెలలకు చెకప్‌కి వెళ్లినప్పుడు మూడో అంతస్తుకు ఎక్కి చూశా. గొలుసు తీసేశారు. తలుపుకు అడ్డంగా చక్రం విరిగిన వీల్‌చైర్లు రెండున్నాయి. “పాత సామాను గది నిండిపోయిందండీ” అన్నాడు బాబాయ్.