ఇంట్లో మిల్క్‌షేక్ – ఒక ఇంజనీరు అనుభవం

వేసవి వచ్చిందంటే మన టౌన్‌షిప్ క్వార్టర్లలో మధ్యాహ్నం మూడు గంటల వేళ మిక్సీల మోత వినిపించడం సర్వసాధారణం. బడి నుంచో ఆటల నుంచో వచ్చిన పిల్లలకు మామిడి షేకో, సపోటా షేకో సిద్ధమవుతూ ఉంటుంది. ముప్ఫయి ఏళ్ళకు పైబడిన ఉద్యోగ జీవితంలో ఆ మోతను వినడమూ, గ్లాసు చేతికి వస్తే తాగడమూ తప్ప, ఆ తయారీ వెనుక ఏమి జరుగుతున్నదో నేనెన్నడూ ఆలోచించలేదు. పంపులు, పైపులు, వాటిలో ద్రవాల ప్రవాహం నా వృత్తి. అయినా మా వంటింట్లోని ద్రవాల సంగతి నాకు పట్టలేదు.

రెండేళ్ళ క్రితం ఎనభై ఏళ్ళు దాటిన మా అమ్మగారికి పక్షవాతం సోకింది. చెయ్యి, మాట చాలావరకు తిరిగి వచ్చాయి గాని, మింగడం కష్టమైంది. అన్నం మెత్తగా కలిపి పెడితే ఫరవాలేదు. మంచినీళ్ళు తాగితే మాత్రం పొలమారేది. ఒక గుక్కకు అయిదు నిమిషాల దగ్గు. క్రమంగా ఆమెకు గ్లాసంటేనే భయం పట్టుకొంది. నీళ్ళు తగ్గాయి, ఆహారం తగ్గింది, మనిషి చిక్కిపోసాగింది.

పరీక్షించిన స్పీచ్ థెరపిస్టు విషయం విడమరిచి చెప్పారు: "పలుచటి ద్రవం గొంతులోకి వేగంగా జారిపోతుందండీ. శ్వాసనాళం మూసుకొనే లోపలే అక్కడికి చేరిపోతుంది. చిక్కటి ద్రవమైతే నెమ్మదిగా కదులుతుంది. మింగే కండరాలకు వ్యవధి దొరుకుతుంది. ఆమె తాగేది ఏదైనా చిక్కగా ఉండాలి. పాలలో పండు కలిపి ఇచ్చినా మంచిదే, బలం కూడా వస్తుంది." ద్రవం ఊపిరితిత్తులలోకి పోతే న్యుమోనియా రావచ్చునని కూడా హెచ్చరించారు.

అనగా సమస్య స్నిగ్ధతకు సంబంధించినది. అది నా పరిధిలోని విషయమే గదా అని ధైర్యం తెచ్చుకొని, మొట్టమొదటిసారిగా మిక్సీ ముందు నిలబడ్డాను.

పేరు వెనుక కథ

మిల్క్‌షేక్ అనే మాట అమెరికాలో 1885 నాటికే అచ్చులో కనిపిస్తుంది. అయితే ఆనాడు అది గుడ్డు, విస్కీ కలిపి చేసిన మత్తు పానీయం. తరువాత మాల్ట్ పాలపొడి వచ్చి దానిని పిల్లల పానీయంగా మార్చింది. ఆ పొడికి 1883లో పేటెంటు పొందినవారు విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ పట్టణంలో స్థిరపడిన హార్లిక్ సోదరులు. వారి పేరు మోసే హార్లిక్స్‌కు మన ధవళేశ్వరంలో కర్మాగారం వెలసిన సంగతి గోదావరి తీరం వారికి తెలిసినదే. అదే రసీన్ పట్టణంలో 1922లో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ అనే ఆయన పాత్ర అడుగున తిరిగే రెక్కలతో పానీయాలు కలిపే యంత్రాన్ని రూపొందించారు. నేటి మన మిక్సీ జారుకు మూలపురుషుడు అదే. అదే సంవత్సరంలో షికాగోలోని ఒక మందుల దుకాణంలో మాల్ట్ పాలకు ఐస్‌క్రీము జోడించడంతో నేడు మనమెరిగిన చిక్కటి షేక్ రూపుదిద్దుకొంది.

మన దేశంలో ఇడ్లీ పిండి, పచ్చళ్ళు రుబ్బే బరువు పనికి విదేశీ మిక్సీలు తట్టుకోలేక కాలిపోతూ ఉంటే, 1960లలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు మన వంటలకు తగిన మోటారుతో సుమీత్ మిక్సీని రూపొందించారు. ఇంట్లో భార్య వాడే యంత్రం పాడైపోవడమే ఆయనకు ప్రేరణ అని చెబుతారు. ఇంజనీరుకు వంటింట్లో పనేమిటని అడిగేవారికి ఇంతకంటే సమాధానం అక్కరలేదు.

మొదటి పొరపాటు – మంచు

నా మొదటి ప్రయత్నంలో అందరూ చేసే పనే చేశాను. కాచి చల్లార్చిన పాలు, అరటిపండు, చక్కెర, గుప్పెడు మంచు ముక్కలు జారులో వేసి తిప్పాను. చూడడానికి నురగతో బ్రహ్మాండంగా ఉంది. అమ్మగారు రెండు గుక్కలు తాగగానే పొలమారింది. ఆ రోజంతా ఆమె మరి దేనినీ నోట పెట్టుకోలేదు.

రాత్రి కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క వేశాను. గది వేడిమిలో, అంటే 30 డిగ్రీల వద్ద ఉన్న 250 గ్రాముల పాలను 5 డిగ్రీలకు దించాలంటే సుమారు 5,800 కేలరీల ఉష్ణం తీసివేయాలి. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు, ఆ నీరు 5 డిగ్రీలకు రావడానికి మరో 5 కేలరీలు తీసుకొంటుంది. అనగా దాదాపు 70 గ్రాముల మంచు కావాలి. అదంతా చివరకు నీరే! ఒక గ్లాసు పాలలో పావు గ్లాసుకు పైగా నీరు మనంతట మనమే పోస్తున్నామన్న మాట. 3 శాతం కొవ్వు ఉన్న టోన్డ్ పాలు ఆ దెబ్బతో 2.3 శాతానికి దిగిపోతాయి. కరగక మిగిలిన ముక్కలు నోటిలో కరిగి పలుచటి నీరై గొంతులోకి జారతాయి. మా అమ్మగారికి జరిగినది అదే. ఐస్‌క్రీముకు కూడా ఇదే దోషమున్నదని, నోటి వేడికి అది పలుచనవుతుందని, మింగడం కష్టమైనవారికి అది తగదని థెరపిస్టు తరువాత చెప్పారు.

ఆరోగ్యవంతులకు ఇందువల్ల ప్రమాదమేమీ లేదు గాని, రుచి పోతుంది. ఇంట్లో చేసిన షేక్ నీళ్ళగా ఉన్నదని మనం తరచు అనుకోవడానికి కారణం ఈ మంచే.

పరిష్కారం సులభం. చల్లదనాన్ని మంచుతో కాక, వాడే పదార్థాలతోనే తీసుకురావాలి. పాలు కాచి, చల్లార్చి, ముందుగానే నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. మగ్గిన అరటిపండును ఒలిచి, చక్రాలుగా కోసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే ఆ ముక్కలే మంచు పని చేస్తాయి. కరిగినా చిక్కదనమే ఇస్తాయి గాని నీళ్ళు కావు. కొన్ని పాలను మంచు ట్రేలో పోసి గడ్డకట్టించినా సరే. అవి పూర్తిగా నలిగేదాకా తిప్పాలి.

రెండవ పొరపాటు – అనాస

రెండవసారి, మార్పు కోసమని అనాసపండు తెచ్చాను. పాలతో తిప్పి, పీచు లేకుండా వడగట్టి, సాయంత్రానికని ఫ్రిజ్‌లో పెట్టి డ్యూటీకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అమ్మగారు సగం తాగి, మిగతాది పక్కన పెట్టి ఉన్నారు. నేను ఒక చెంచా నోట్లో వేసుకొన్నాను, వేపరసంలా చేదు.

"ఇంత చేదుగా ఉంటే ఎలా తాగావమ్మా?" అన్నాను.

"నువ్వు చేశావు గదరా నాయనా" అన్నది ఆమె.

ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను. తెలియని పనిని తెలిసినట్టు చేయడం కర్మాగారంలో ఎంత తప్పో వంటింట్లోనూ అంతే తప్పు.

కారణం వెదికితే దొరికింది. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలలోని కేసీన్ అనే మాంసకృత్తును ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు చేదుగా ఉంటాయి. బొప్పాయిలో పపైన్, కివీ పండులో ఆక్టినిడిన్ కూడా ఇటువంటివే. బాగా పండిన బొప్పాయిలో పపైన్ తక్కువ గనుక షేక్ చేసిన వెంటనే తాగితే బాధ లేదు, నిలవ ఉంచరాదు. అనాస ముక్కలను ముందుగా ఉడికించి చల్లార్చితే వేడికి ఎంజైము నశిస్తుంది.

నిమ్మ, నారింజ, పుల్ల ద్రాక్షలది మరొక మార్గం. పాల ఆమ్లత్వ సూచిక సుమారు 6.6 ఉంటుంది, పులుపు చేరి అది 4.6 దరిదాపులకు దిగితే కేసీన్ ముద్దకట్టి పాలు విరిగిపోతాయి. పాలు, పుల్లటి పండ్లు కలపడం విరుద్ధాహారమని చరకసంహిత పేర్కొన్నది. మా ఇంట్లో పెద్దలు కూడా చిన్నప్పుడు అదే చెప్పి వారించేవారు. వారి కారణాలు వేరు కావచ్చును గాని, ఈ విషయంలో వంటింటి జాగ్రత్తకూ రసాయనశాస్త్రానికీ పేచీ లేదు.

ఇక మన అదృష్టమేమంటే, పాలతో చక్కగా పొసగే పండ్లు మనకు సమృద్ధిగా ఉన్నాయి. చక్కెరకేళి, అమృతపాణి, బాగా మగ్గిన సపోటా, పీచు లేని బంగినపల్లి, సీతాఫలం – ఇవన్నీ చిక్కదనానికీ రుచికీ పెట్టింది పేరు. సపోటా మాత్రం పూర్తిగా మగ్గాలి, పచ్చిదైతే వగరు. దాని గింజకు కొక్కెం వంటి కొన ఉంటుంది గనుక ఒక్క గింజ కూడా జారులో పడకుండా చూసుకోవాలి.

మిక్సీ వాడకం

మిక్సీ ఎంత ఎక్కువసేపు తిరిగితే అంత మంచిదనుకోవడం పొరపాటు. 500 వాట్ల మిక్సీ పూర్తి భారంతో ఒక నిమిషం నడిస్తే 30 కిలోజౌళ్ళ శక్తి తీసుకొంటుంది. అందులో మూడవ వంతు జారులోని పదార్థానికి చేరినా, 400 గ్రాముల షేక్ సుమారు 6 డిగ్రీలు వేడెక్కుతుంది. ఫ్రిజ్ ఇచ్చిన చల్లదనాన్ని మిక్సీ తినేస్తుందన్న మాట. పైగా చిక్కటి పాలను అతిగా తిప్పితే వెన్న పూసలు తేలవచ్చు. కనుక జారును కూడా ముందుగా ఫ్రిజ్‌లో ఉంచి, 15 సెకన్ల చొప్పున మూడు నాలుగుసార్లు తిప్పితే చాలును.

వరుస కూడా ముఖ్యమే. పాలన్నీ ఒకేసారి పోస్తే పండు ముక్కలు రెక్కలకు దొరకకుండా తేలుతూ తిరుగుతాయి. ముందు పండు, రెండు మూడు చెంచాల పాలు మాత్రమే వేసి మెత్తని గుజ్జు చేయాలి. తరువాత మిగిలిన పాలు పోసి ఒక్కసారి కలిపితే సరిపోతుంది. మిక్సీ మధ్యలో ఆగిపోతే కంగారు పడనక్కరలేదు; స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, అడుగున ఉండే ఓవర్‌లోడ్ బటన్ నొక్కాలి. తడి చేతులతో ప్లగ్గు ముట్టరాదని, మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉండాలని మన భద్రతా విభాగం వారు చెప్పే మాట ఇంటికీ వర్తిస్తుంది.

మా ఇంటి కొలత

మగ్గిన సపోటాలు, తొక్క, గింజలు తీసినవి 150 గ్రాములు. కాచి చల్లబరచిన పాలు 200 మిల్లీలీటర్లు. చక్కెర ఒక చెంచా. యాలకుల పొడి చిటికెడు. ఇది ఇద్దరికి సరిపోతుంది. ఫుల్‌క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం గనుక షేక్ కమ్మగా ఉంటుంది. బరువు తగ్గదలచినవారు 1.5 శాతం కొవ్వు ఉండే డబుల్ టోన్డ్ పాలు వాడుకోవచ్చును. మీగడ తరకలు రాకుండా పాలను వడగట్టాలి. పండు మగ్గినకొద్దీ చక్కెర తగ్గించాలి. మధుమేహం ఉన్నవారు పండులోనూ చక్కెర ఉన్నదని మరువరాదు. చేసిన షేక్‌ను అప్పటికప్పుడే తాగడం ఉత్తమం.

మా అమ్మగారికి మాత్రం ఇంకొక మెట్టు ఉన్నది. షేక్‌ను సన్నని జాలీలో వడగట్టి, థెరపిస్టు నేర్పిన పరీక్ష చేస్తాను. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి కొనను వేలితో మూసి, నిండా షేక్ పోసి, వేలు తీసి 10 సెకన్లు కారనిచ్చి, మళ్ళీ మూయాలి. మిగిలినది 4 నుంచి 8 మిల్లీలీటర్ల మధ్య ఉంటే ఆమెకు తగిన చిక్కదనం. తక్కువ మిగిలితే మరికొంత పండు, ఎక్కువ మిగిలితే మరికొన్ని పాలు. అన్ని సిరంజిలు ఒక్క కొలతలో ఉండవు గనుక థెరపిస్టు చూపినదానినే వాడుతున్నాను. ఈ హద్దు రోగిని బట్టి మారుతుంది. వైద్యులు నిర్ణయించకుండా ఎవరూ సొంతంగా పాటించరాదు.

కర్మాగారపు అలవాటు పోదు గనుక వంటింట్లో ఒక లాగ్‌బుక్ తెరిచాను. తేదీ, పండు, పాలు, సిరంజి అంకె, పొలమారినదా లేదా అన్నవి అందులోని గడులు. మొదటి పేజీలో చివరి గడి నిండా "అవును" అని ఉంది. మూడవ నెల నుంచి "లేదు" అన్న మాటే వరుసగా కనిపిస్తుంది. ఆమె బరువు మెల్లగా నాలుగు కిలోలు పెరిగింది. అంతకంటే ముఖ్యంగా గ్లాసు చూస్తే కలిగే భయం పోయింది. కుర్చీలో నిటారుగా కూర్చొని, చిన్న గుక్కలుగా, ఒక్క గ్లాసును ఇరవై నిమిషాలు తాగుతుంది. ఆ ఇరవై నిమిషాలూ నేను ఎదురుగా కూర్చొంటాను. ఉద్యోగంలో చేరిన తరువాత మా అమ్మతో అంతసేపు తీరికగా కూర్చొన్న రోజులు నాకు గుర్తు లేవు.

మిత్రులారా! మనలో చాలామంది పదవీ విరమణకు దగ్గరవుతున్నాము. ఇంట్లో పెద్దవారున్నారు, మనుమలు వస్తున్నారు. అంత పెద్ద యంత్రాలను నడిపిన మనకు వంటింటి మిక్సీ ఒక లెక్క కాదు. మంచు మానండి, పండు చూసి ఎంచుకోండి, తక్కువసేపు తిప్పండి. ఒక గ్లాసు మీరే స్వయంగా చేసి, మీ ఇంట్లో ఎవరికి అవసరమో వారి చేతికివ్వండి. బాగా కుదిరిందో లేదో మొహమాటం లేకుండా చెప్పమని మాత్రం ముందే అడగండి.

మొన్న ఆదివారం సపోటా షేక్ ఇస్తే మా అమ్మగారు రుచి చూసి, "ఇవాళ యాలకులు మరిచిపోయావురా" అన్నారు. లాగ్‌బుక్కులో ఆ గడి లేదు. కొత్తగా గీసుకొన్నాను.