చలనచిత్రగేయమునకు లక్ష్యత్వము

లక్ష్యమును బట్టి లక్షణము పుట్టునే కాని, లక్షణమును బట్టి లక్ష్యము పుట్టదు. ఇది శాబ్దికు లెల్లరు నంగీకరించిన మాట. కుండ వలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవును గాని, శబ్దములు వలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి వానిని జేసియిమ్మని యడుగఁడని మహాభాష్యకారుఁడు పస్పశాహ్నికమున నిరూపించినాఁడు. శబ్దము లోకమునందే యున్నది. దాని సాధుత్వమును విచారించుట శాస్త్రము పని. ఈ న్యాయము తెలుఁగు చలనచిత్రగేయములయెడఁ బ్రవర్తింపవలదా యను సంశయ మిచట విచారింపఁబడుచున్నది.

తెలుఁగు మాటలచిత్రము 1932లో భక్తప్రహ్లాదతోఁ బుట్టెను. నాఁటినుండి తొంబది యేండ్లకుఁ బైఁగా గేయములు వెలువడుచునే యున్నవి. అయినను పాఠశాలలోఁ బద్యమునకుఁ గల గౌరవము వానికిఁ గలుగలేదు. 1951లో మల్లీశ్వరి చిత్రమునకు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు పాటలు వ్రాసిరి. పండితలోకము వారిని భావకవులుగానే స్మరించును గాని చిత్రగేయకర్తలుగా స్మరించుట యరుదు. గేయమునందలి గుణము కర్తకుఁ జెందినది. చిత్రసంబంధము మాత్రము దోషముగా మిగిలినది.

ఈ విచారమునకు ననకాపల్లి తగిన నిదర్శనమును సమకూర్చుచున్నది. బెల్లపు విపణికిని, చేరువనున్న శంకరము బొజ్జన్నకొండపైని బౌద్ధశిల్పములకును బేరుగన్న యీ పట్టణముననే చేంబోలు సీతారామశాస్త్రిగారి బాల్యవిద్య నడచినది. వారు 1955 మే 20న జన్మించిరి. పదవ తరగతివఱ కిచటను, పిమ్మటఁ గాకినాడయందును జదివి, టెలిఫోను శాఖలోఁ గొలువు చేసిరి. 1986లో కె. విశ్వనాథ్ గారి దర్శకత్వమున వెలువడిన సిరివెన్నెల చిత్రమునకుఁ బాటలు రచించిరి. ఆ చిత్రనామమే వారికి నింటిపేరయ్యెను. 2019లోఁ బద్మశ్రీ పురస్కారము నందిన వారు 2021 నవంబరు 30న పరమపదించిరి.

ముందుగా నా పేరునే పరిశీలింపవచ్చును. సిరి యనునది శ్రీశబ్దభవము. వెన్నెల యందు నెల శబ్దము చంద్రవాచకము. పూర్వపదము ధావళ్యమును దెలుపును. తద్భవమును దేశ్యమును గూడిన సమాస మగుటచే సిరివెన్నెల యాచ్ఛికము. ఈ పదము నోట నున్నవారు లక్షలు. దీని విభాగము నెఱిఁగినవారు కొందఱే. బాలురకు సమాసభేదములు బోధించు నుపాధ్యాయుఁడు వారెఱుఁగని యుదాహరణమును వెదకి తెచ్చుటకంటె, వా రెఱిఁగిన యీ పదమును విడదీసి చూపుట సులభము గదా.

ఇఁక నా చిత్రమునందలి గేయములు. కథానాయకుఁ డంధుఁడైన వేణువాదకుఁడు. కథానాయిక మూఁగయైన చిత్రకారిణి. అతని నాద మామెకు వినవచ్చును. ఆమె గీసిన బొమ్మ యతనికిఁ గానరాదు. అతఁ డడిగిన మాట కామె మాటతో బదులీయలేదు. ఇట్టి యిరువురి నడుమ నర్థమును నడపవలసిన భారము గేయముపైఁ బడినది. ఆ చిత్రమున మిక్కిలి ప్రసిద్ధమైన గేయము సృష్టికర్త సంకల్పమును, బ్రణవమును, నాదముయొక్క ప్రాదుర్భావమును వర్ణించును. అందలి పదములలోఁ దత్సమములే మెండు. సమాసములును దీర్ఘములు. పాకవిచారము చేసినచో నది ద్రాక్షాపాకము గాదు, కదళీపాకమును గాదు, నారికేళపాకమనియే చెప్పవలెను.

అట్టి రచన పద్యరూపమునఁ బుస్తకములో నుండినయెడల నిఘంటువు చేతఁబట్టినవాఁడే చదివియుండును. కె. వి. మహదేవన్ గారి స్వరరచనయు, హరిప్రసాద్ చౌరాసియా గారి మురళియు దోడుపడఁగా నది నిఘంటువు నెన్నఁడును దెఱవనివారి కంఠమునను నిలిచినది. పెంకు పగులఁగొట్టు పనిని రాగము చేసినది. అర్థ మెఱుఁగక పాడుట వలన నేమి ప్రయోజనమని యందురేని, శక్తిగ్రహమునకు వ్యాకరణమును, గోశమును, నాప్తవాక్యమును మాత్రమే గాక వ్యవహారమును సాధనమని శాస్త్రకారులు చెప్పుదురు. శిశువు పెద్దల మాటలను ముందు వినును. అర్థము పిదపఁ దెలియును. చెవికిఁ బరిచయమైన శబ్దమున కర్థము చెప్పుట సులభము. పరిచయము లేనిదానికిఁ జెప్పిన యర్థము నిలువదు.

పూర్వపక్షులు మూఁ డాక్షేపములు చేయుదురు. గేయము బాణీకి లోఁబడినదనుట మొదటిది, కోరినవాని కొఱకుఁ జేసిన రచన యనుట రెండవది, క్షణికమనుట మూఁడవది.

బాణీ నిర్బంధమే యగుచో ఛందస్సును నిర్బంధమే. గణమునకుఁ బదము నమర్చు కవిని గొనియాడి, తాళమునకుఁ బదము నమర్చు కవిని నిరసించుట యుక్తము గాదు. ఇందుకు నిదర్శన మనకాపల్లి పరిసరములందే కలదు. గురజాడ అప్పారావుగారు 1862లో సర్వసిద్ధి రాయవరమున జన్మించిరి. ఆ గ్రామము 2022 ఏప్రిలులో నేర్పడిన యనకాపల్లి జిల్లాలో నున్నది. 1910లో వారు ప్రవర్తింపఁజేసిన ముత్యాలసరము మూఁడు, నాలుగు మాత్రల గణములతో నడచును. గాయకులు మిశ్రగతి యనునది యిదియే. వృత్తములకు నలవడిన చెవులకు నాఁడు క్రొత్తగాఁ దోఁచిన యా నడక నేఁడు పాఠ్యగ్రంథములందుఁ బఠింపఁబడుచున్నది. అయినను నొక భేదము గుర్తింపఁదగును. పద్యమున లఘువు లఘువే, గురువు గురువే. గేయమున లఘువు కర్షణముచే దీర్ఘముగాఁ బలుకఁబడవచ్చును. కావునఁ గాగితముపైఁ జూచి గేయమున యతిగణభంగము నెన్నుట తగదు. పాడి చూచి యెన్నవలెను.

రెండవ యాక్షేపమునకు నవధానమే సమాధానము. పృచ్ఛకుఁ డిచ్చిన సమస్యను, అతఁడు నిషేధించిన యక్షరమును, అతఁడు కోరిన వృత్తమును శిరసావహించి చెప్పిన పద్యమును సభ మెచ్చుచున్నది. దర్శకుఁ డిచ్చిన సన్నివేశము సమస్య. స్వరకర్త యిచ్చిన బాణీ వృత్తము. పూరణము చక్కనిదా కాదా యనునదియే విచార్యము.

మూఁడవదానికి 1987లో వచ్చిన శ్రుతిలయలు చిత్రమునందలి యొక మేలుకొలుపు పాట ప్రత్యుత్తరము. సీతారామశాస్త్రిగారికి నంది పురస్కారమును దెచ్చిన యా పాటను విని యన్నమాచార్యుని కీర్తన యని భ్రమించినవారు పలువురు. భ్రమ కలుగుటకుఁ గారణము పల్లవీచరణముల పొందికయు, శృంగారభక్తుల కూర్పును. క్రొత్త రచన ప్రాఁతదానితోఁ గలసిపోవుట క్షణికత్వమునకుఁ గాక పరంపరాగతత్వమునకు గుఱుతు. మఱియుఁ బదమునకు లక్షణము తెలుఁగువారికిఁ గ్రొత్త గాదు. అన్నమాచార్యుఁడు సంస్కృతమున రచించిన సంకీర్తనలక్షణమును దాళ్లపాక చినతిరుమలాచార్యుఁడు తెలుఁగున వెలయించినాఁడు. గేయమును శాస్త్రదృష్టితోఁ జూచుట తాళ్లపాకవారినాఁడే జరిగినది.

దీనివలనఁ జిత్రగేయము లన్నియు నుపాదేయము లని చెప్పినట్లు గాదు. వానిలో నన్వయము పొసఁగనివి గలవు. ప్రాస కొఱకు నర్థమును విడిచినవి గలవు. దుష్టసమాసములతో నిండినవియుఁ గలవు. పూదండ యనియో పుష్పమాల యనియో యనఁదగినచోఁ బుష్పదండ యనుట యట్టి దోషము. కాని యీ దోషములు శతకములందును, నాటకములందును లేకపోలేదు. వానినుండి మేలివానిని వేఱుచేసి బోధించినట్లే యిచటను జేయవలెను. వేఱుచేయు నధికారము పండితునిది. అతఁడు పెడమొగము పెట్టినచో నా పనిని విపణి చేయును.

బడిలోఁ జేయఁదగిన దింత: గేయము నొకదానిని గైకొని తత్సమ తద్భవ దేశ్యములను విడఁదీయింపవలెను, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పింపవలెను, కాగితముపై మాత్రలను లెక్కింపించి, పాడునప్పటి కాలముతో సరిపోల్చి చూపవలెను. అసాధుప్రయోగ మున్నచోఁ దప్పక తెలుపవలెను. వాడుకనుండి తొలఁగిపోవుచున్న తత్సమపదములు పెక్కింటిని బాలురు నేఁడు మొదట వినుచున్నది పాటలయందే. వాని యర్థమును, సాధుత్వమును దెలుపువాఁడు లేనిచో నవి నాదముగా మాత్రమే మిగులును.