వంటింటి నల్లా: వాషరు నుంచి పింగాణీ బిళ్లల దాకా

వంటింటి నల్లాకు నీళ్లు వదలడం తేలికే, బొట్టు కారకుండా ఆపడమే కష్టం. పాతకాలపు నల్లాల్లో రంధ్రమున్న ఇత్తడి బిరడా పావు చుట్టు తిరిగేది. లోహం మీద లోహం రాసుకుని అరిగేది, కారేది. చప్పున మూస్తే పైపుల్లో నీరు ఎదురుతన్నేది. 1845లో ఇంగ్లండులోని రాథర్‌హామ్‌కు చెందిన గెస్ట్ అండ్ క్రైమ్స్ సంస్థ మర తిప్పి బిగించే నల్లాకు పేటెంటు పొందింది. మర దిగేకొద్దీ మెత్తటి వాషరు నీటిదారిని మెల్లగా మూసేస్తుంది. వాషరు అరిగితే మార్చుకోవచ్చు.

ఏ నల్లా మన్నుతుందన్నది వచ్చే నీటిని బట్టి కూడా ఉంటుంది. హైదరాబాదునే చూడండి: 1908 మూసీ వరద తర్వాత నగరానికి ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. నగరంలో నల్లా నీళ్లు పెరిగింది ఆ జలాశయాల చలవే. కృష్ణా నీరు 2004లో చేరింది. తూర్పు అంచున, ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీదున్న మేడిపల్లి లాంటి చోట్ల మాత్రం బోరు నీటి వాడకమూ ఎక్కువే. గ్రానైటు పగుళ్లలో ఊరే ఆ నీటిలో తరచుగా కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వీటివల్ల తాగునీటికి వచ్చే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే ఆధారం లేకపోతే 600 వరకు పరవాలేదని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది.

ఇప్పటి పావు చుట్టు నల్లాలో వాషరు ఉండదు. అద్దంలా నునుపు చేసిన రెండు పింగాణీ బిళ్లలుంటాయి. ఒకటి కదలదు, రెండోది తిరిగి రంధ్రాలు కలుపుతుంది. ఇవి ఏళ్ల తరబడి అరగవు కానీ, మధ్యలో ఇసుక రేణువు పడితే గీతపడి కారతాయి. నల్లా మూతి జాలీ విప్పి చూస్తే నీటి సంగతి తెలిసిపోతుంది: బయటివైపు తెల్లటి సున్నపు పెచ్చు, లోపల సన్నటి ఇసుక. వెనిగర్‌లో నానబెడితే పెచ్చు కరుగుతుంది. ఇసుక వచ్చే ఇంట్లో ట్యాంకు నుంచి దిగే పైపుకు ఫిల్టరు పెట్టాకే పింగాణీ రకం కొనాలి. లేదంటే వాషరు నల్లాయే మేలు, రిపేరు ఖర్చు కొద్ది రూపాయలే.

కొనేవాళ్లు ఎక్కువగా మరిచేది ట్యాంకు ఎత్తు. నీటిమట్టం నల్లాకు 3 మీటర్ల పైనుంటే పీడనం 0.3 బార్ మాత్రమే, 15 మీటర్లుంటే 1.5 బార్. 1 బార్‌కు తగ్గట్టు చేసిన ఖరీదైన మిక్సరు నల్లా (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపేది) పై అంతస్తులో సన్నటి ధారే ఇస్తుంది. కింది అంతస్తులో అదే బాగా పనిచేస్తుంది. అందుకే పెట్టె మీద రాసిన కనీస పీడనం చూడటం రంగు, మెరుపు కంటే ముఖ్యం.

ఒళ్లు ఇత్తడిదై, పైన నికెల్, క్రోమియం పూత ఉండటం మంచిది. చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది, జింకు మిశ్రమం తేలికగా ఉంటుంది. మెడ సింకు నడిమికి అందాలి, కింద పెద్ద గంజు పట్టాలి. సింకు కింద యాంగిల్ కాక్ (ఆ నల్లాకు మాత్రమే నీళ్లు ఆపే చిన్న కవాటం) ఉంటే, నల్లా విప్పాల్సి వచ్చినప్పుడు ఇల్లంతటికీ నీళ్లు ఆపనక్కర్లేదు.