మందుల నడుమ వైరము – ఫోనులో చూచుకొను విధము

పాలు, చేపలు కలిపి తినరాదను మాట మన యిండ్లలో వినని వారుండరు. విడివిడిగా మేలు చేయు రెండు వస్తువులు కలసినపుడు కీడు చేసినచో దానిని సంయోగ విరుద్ధమందురు. మందులకును ఇది వర్తించును. రెండు మందుల పేర్లు వ్రాసినచో వాని నడుమ వైరమున్నదో లేదో చెప్పు సాధనములు నేడు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. మంచివే. కాని అవి ఏమియు చెప్పనపుడు దాని నెట్లు గ్రహింపవలెను?

ఇటీవల ఒక తల్లి నన్నడిగినది. కుమారుడు మూర్ఛకు ఫెనిటాయిన్ మాత్రలు వాడుచున్నాడు, పరీక్షలు దగ్గరపడినవి, జ్ఞాపకశక్తికై శంఖపుష్పి సిరపు పట్టవచ్చునా? ఫోనులో చూడగా వైరమేమియు లేదని వచ్చినదట. పట్టవలదంటిని. ఇట్టి సిరపు వాడిన ఫెనిటాయిన్ రోగులకు అదుపులోనున్న మూర్ఛలు తిరుగబెట్టుట గమనించిన పరిశోధకులు ఎలుకలపై పరీక్షింపగా, రక్తములో ఫెనిటాయిన్ పాలు తగ్గినట్లు తేలినది. ఇది 1992లోనే ప్రచురితమైనది. శంఖపుష్పి అపస్మారమునకు మనవారు వాడు మూలికయే యగుట విచిత్రము! ఇదివరకే రెండును వాడుచున్నవారు మాత్రను మాత్రము మానరాదు. వైద్యునికి తెలిపి మోతాదు సరిచూపించుకొనవలెను.

మరి ఫోను అట్లేల చెప్పినది? మన మూలికలు అనేకము ఆ జాబితాలలో లేవు. లేని పేరును విడిచి తక్కినవానినే పరీక్షించు సాధనములును కలవు. కావున ఫలితము చూచుటకు ముందు, మీరు వ్రాసిన పేర్లన్నియు అందు చేరినవో లేదో చూడుడు.

కంపెనీ పేరు గాక స్ట్రిప్పుపైనున్న అసలు మందు పేరు వ్రాయవలెను. ఒకే మాత్రలో రెండు మూడు మందులున్నచో అన్నియు వ్రాయవలెను. అమెరికా వారి సాధనములలో పారాసిటమాల్‌ను అసిటమినోఫెన్ అనియు, సాల్బుటమాల్‌ను ఆల్బ్యుటెరాల్ అనియు వెదకవలసి వచ్చును. అచట అమ్మకములో లేని నిమెసులైడ్ వంటివి దొరకకపోవచ్చును.

వంటింటి వస్తువులను ఎవరును మందులుగా లెక్కింపరు, చిక్కంతయు అచటనే. అతిమధురము చాలకాలము సేవించినచో శరీరములో పొటాషియం తగ్గును; నీరు తీయు మాత్రలు వాడువారికి మరింత తగ్గును; డిగాక్సిన్ కూడ వాడుచున్నచో గుండెకు ప్రమాదము. షుగరు మాత్రలతో కాకరరసము, మెంతిపొడి అధికముగా చేరినచో చక్కెర మితిమీరి పడిపోవచ్చును. ఇసబ్గోలు థైరాయిడ్ మాత్రను ఒంటబట్టనీయదు. దీనికి మాత్రము ఉపాయము సులభము: మాత్రను ఉదయము పరగడుపున, ఇసబ్గోలును రాత్రి పుచ్చుకొనవలెను.