ముందు చక్రముల వణుకు – టైర్ల అసమాన అరుగుదల

పాతబడిన పికప్ వాహనము ఒకటి రహదారిపై పోవుచున్నదనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగము వరకు ఏ బాధయు లేదు. 80 దాటగానే స్టీరింగు చక్రము చేతిలో వణకసాగును. 90 వద్ద వణుకు మిక్కిలి హెచ్చును. 110 వద్ద చిత్రముగా తగ్గిపోవును. బండి నిలిపి చూచినచో ముందు టైరు లోపలి అంచు నున్నగా అరిగియుండును. వెలుపలి అంచు మాత్రము ఇంచుమించు క్రొత్తదివలెనే ఉండును.

ఇట్టి సమయమున యజమాని సాధారణముగా క్రొత్త టైర్లు వేయించును. వణుకు కొన్నాళ్లు తగ్గును. కొన్ని వేల కిలోమీటర్లు తిరుగునప్పటికి అదే వణుకు, అదే అరుగుదల మరల కనబడును. టైర్ల ఖరీదు వృథా యగుటయే కాదు. అసలు కారణము అరిగిపోయిన బాల్ జాయింటు అయినచో, అది ఒకనాడు ఊడి చక్రము ప్రక్కకు ఒరిగిపోవచ్చును. అప్పుడు బండి చోదకుని అదుపులో ఉండదు.

వణుకు, అరుగుదల రెండును రోగలక్షణములే కాని రోగములు కావు. వణుకునకు ఒక సంఖ్య ఉన్నది. అరుగుదలకు ఒక ఆకారము ఉన్నది. ఈ రెండింటిని కలిపి పరిశీలించినచో, ఒక్క భాగమునైనను విప్పకముందే కారణము చాలవరకు తెలియును. ఇందుకు కావలసినది ఉన్నత పాఠశాలలో నేర్చుకొను యాంత్రిక శాస్త్రము మాత్రమే.

ఉదాహరణకు ఒక వాహనము

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1965 నమూనానుండి తన ఎఫ్-100 పికప్ వాహనమునకు ‘ట్విన్ ఐ-బీమ్’ అను ముందు ఇరుసు ఏర్పాటును ప్రవేశపెట్టినది. తరువాత వచ్చిన ఎఫ్-150 వాహనములలో వెనుక చక్రములతో మాత్రమే నడచువాటికి 1996 నమూనా వరకు ఈ ఏర్పాటే కొనసాగినది. మన పరిశీలనకు ఇది చక్కని ఉదాహరణ.

ఈ ఏర్పాటులో రెండు చక్రములను కలుపు ఒకే ఇరుసు ఉండదు. ఆంగ్లాక్షరము ‘ఐ’ వంటి అడ్డుకోత గల ఉక్కు దూలములు రెండుండును. కుడి చక్రమును మోయు దూలము చట్రమునకు ఎడమవైపున కీలుపై అమర్చబడియుండును. ఎడమ చక్రపు దూలము కుడివైపున అమర్చబడియుండును. కనుక ఒక చక్రము గోతిలో పడినను రెండవది కదలనక్కరలేదు. కాని ప్రతి చక్రమును తన కీలు కేంద్రముగా ఒక వృత్తచాపముపై పైకిని క్రిందికిని కదలును. అట్లు కదలునప్పుడు అది నిటారుగా ఉండజాలదు, కొంచెము వాలును. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. దీని అవసరము ముందు వచ్చును.

వణుకును లెక్కించుట

ఎఫ్-150 వాహనములకు విరివిగా వాడిన టైరు కొలత 235/75 ఆర్ 15. అనగా టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 75 వంతులు, అనగా సుమారు 176 మి.మీ.; రిమ్ము వ్యాసము 15 అంగుళములు, అనగా 381 మి.మీ. ఒక రిమ్ము వ్యాసమునకు రెండు ప్రక్కగోడల ఎత్తు కలిపినచో టైరు వ్యాసము 733 మి.మీ. వచ్చును. చుట్టుకొలత 2.3 మీటర్లు. బరువుచేత టైరు నేలవద్ద కొంత అణగును గనుక ఒక చుట్టునకు బండి 2.25 మీటర్లు సాగునని తీసికొందము.

గంటకు 90 కి.మీ. వేగమనగా సెకనుకు 25 మీటర్లు. 25ను 2.25చే భాగించినచో 11 వచ్చును. ఆ వేగమున చక్రము సెకనుకు సుమారు 11 చుట్లు తిరుగును. చక్రములో దోషమున్నచో వణుకు కూడ సెకనుకు 11 మారులు కలుగును. వెనుక ఇరుసు గేరు నిష్పత్తి 3.55 గల బండిలో వెనుక చక్రములను త్రిప్పు పొడవాటి షాఫ్టు అదే వేగమున సెకనుకు 39 చుట్లు తిరుగును. మొదటిది చేతికి స్పష్టమైన ఊపుగా తెలియును. రెండవది గుయ్యిమను సన్నని అదురుగా తెలియును. ఈ భేదమును బట్టియే దోషము చక్రమునదో షాఫ్టునదో చాలవరకు చెప్పవచ్చును.

మరికొన్ని సులభ పరీక్షలు కలవు. బండిని నిలిపియుంచి ఇంజనును మాత్రము వేగముగా నడపినప్పుడు కూడ వణుకు వచ్చినచో దోషము ఇంజనుది, చక్రములను తప్పుపట్టరాదు. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణకినచో బ్రేకు డిస్కు మందము అంతట సమముగా లేదని అనుమానింపవలెను. స్టీరింగు వణకినచో ముందు చక్రములను, ఆసనము వణకినచో వెనుక చక్రములను మొదట పరీక్షించుట మంచిది.

ఏబది గ్రాముల బలము

చక్రపు బరువు ఇరుసు చుట్టును సమముగా పంచబడనిచో అపకేంద్రబలము ఒకవైపు మిగిలిపోవును. ఈ బలము ద్రవ్యరాశిని వ్యాసార్ధముతోను, కోణీయవేగపు వర్గముతోను గుణించినచో వచ్చును. రిమ్ము అంచున, కేంద్రమునుండి 19 సెంటీమీటర్ల దూరమున, 50 గ్రాములు ఎక్కువగా ఉన్నవనుకొందము. గంటకు 90 కి.మీ. వద్ద దాని బలము 46 న్యూటన్లు, అనగా నాలుగున్నర కిలోగ్రాములకు పైబడిన బరువు. ఇది సెకనుకు 11 మారులు చక్రమును పైకెత్తి, మరల నేలకు కొట్టుచుండును. వేగము సగమైనచో బలము నాలుగవ వంతు మాత్రమే. అందుచేతనే ఊరిలో నెమ్మదిగా నడుపునప్పుడు ఈ దోషము తెలియదు.

మరి 110 కి.మీ. వద్ద బలము ఇంకను హెచ్చవలెను గదా! వణుకు ఏల తగ్గినది? దీనికి అనునాదము కారణము. చక్రము, దానిని మోయు దూలము కలిసి ఒక ద్రవ్యరాశి. టైరులోని గాలి, స్ప్రింగు కలిసి దానిని ఊపు తీగచుట్ట. ఇట్టి ఏర్పాటునకు సహజ పౌనఃపున్యము ఉండును. మోటారు వాహనముల చక్రములకు అది సాధారణముగా సెకనుకు 10 నుండి 15 వరకు ఉండును. చక్రము తిరుగు సంఖ్య ఈ సంఖ్యతో సరిపడినప్పుడు చిన్న బలమే పెద్ద ఊపు పుట్టించును. ఉయ్యాలను సరియైన సమయమున తట్టుట వంటిదే ఇది. వేగము ఆ సంఖ్యను దాటిన పిమ్మట తట్టు సమయము తప్పును, ఊపు తగ్గును. షాక్ అబ్సార్బరు పని ఈ ఊపును చంపుట. అది పాడైనచో కొద్ది దోషము కూడ పెద్ద వణుకగును.

బరువు సరిచేసినను వణుకు పోనిచో టైరు గుండ్రముగా ఉన్నదా అని చూడవలెను. చక్రమును నేలనుండి ఎత్తి, టైరునకు దగ్గరగా ఒక పుల్లను కదలకుండ నిలిపి, చక్రమును మెల్లగా త్రిప్పినచో సందు ఎక్కడ తగ్గుచున్నదో, ఎక్కడ పెరుగుచున్నదో తెలియును. తేడా ఒక మిల్లీమీటరు దాటినచో కారణము వెదకవలెను. ట్రెడ్డు మీద ఎక్కడైనను బొడిపె లేచియున్నచో లోపలి ఉక్కు తీగల పొర విడిపోయినదని అర్థము. అట్టి టైరును ఆ దినముననే తీసివేయవలెను; వేగముగా పోవునప్పుడు పైపొర మొత్తము ఊడిపోవచ్చును. తక్కువగా తిరుగు పాత బండ్లలో ట్రెడ్డు లోతుగానే ఉన్నను రబ్బరు ముదిరిపోయియుండును. 2000 సంవత్సరమునుండి అమెరికా నియమముల ప్రకారము తయారైన టైర్ల ప్రక్కగోడపై తయారీ సంకేతము చివర నాలుగు అంకెలుండును. 1419 అనియున్నచో అది 2019వ సంవత్సరపు 14వ వారమున తయారైనదని గ్రహింపవలెను.

అరుగుదల చెప్పు సంగతులు

టైరు నడిమి భాగము మాత్రమే అరిగినచో గాలి ఎక్కువైనది. రెండు అంచులును అరిగి నడుమ నిలిచినచో గాలి తక్కువైనది. ట్రెడ్డు మీద అక్కడక్కడ దొప్పలవలె గుంటలు పడినచో చక్రము నేలపై సమముగా దొరలక ఎగురుచున్నదని తెలియును. షాక్ అబ్సార్బరునో, బరువు తేడానో, వదులైన బేరింగునో అనుమానింపవలెను.

ట్రెడ్డు మీద అడ్డముగా అరచేతితో నిమిరినప్పుడు ఒక దిక్కున నునుపుగాను, ఎదురు దిక్కున రంపపు పండ్లవలెను తగిలినచో దోషము ‘టో’లో ఉన్నది. రెండు ముందు చక్రముల ముందు అంచుల మధ్య దూరమునకును, వెనుక అంచుల మధ్య దూరమునకును గల తేడాయే టో. ఇది ఉండవలసిన దానికన్న 3 మి.మీ. మారినచో ఒక్కొక్క చక్రమునకు 733 మిల్లీమీటర్లలో ఒకటిన్నర మి.మీ. వంకర వచ్చును. ఆ లెక్కన చక్రము కిలోమీటరునకు సుమారు 2 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడవలెను. పదివేల కిలోమీటర్లకు ఇది 20 కిలోమీటర్లగును! రబ్బరు కొంత వంగి సర్దుకొన్నను మిగిలిన రాపిడి టైరును అరగదీయుటకు చాలును.

ఒక అంచు మాత్రమే నున్నగా అరిగినచో సాధారణముగా ‘కేంబరు’ దోషమందురు. చక్రము నిటారుగా ఉండక లోనికో వెలికో వాలుటయే కేంబరు. ట్విన్ ఐ-బీమ్ రహస్యము ఇచ్చట బయటపడును. ఏండ్లు గడచినకొలది ముందు స్ప్రింగులు కుంగును. చట్రము దిగును, దానితో కీలు కూడ దిగును, చక్రపు పైభాగము లోనికి వాలును, లోపలి అంచు అరుగును. కీలునుండి చక్రమునకు దూరము ఒక మీటరు అనుకొన్నచో, స్ప్రింగు 25 మి.మీ. కుంగినప్పుడు చక్రము సుమారు ఒకటిన్నర డిగ్రీలు వాలును. అందంగా కనబడుటకై బండి ముందు భాగమును ఎత్తుచేయించినచో ఇందుకు విరుద్ధముగా వెలుపలి అంచు అరుగును. కావున ఈ బండ్లకు అలైన్‌మెంటు చేయుటకు ముందు స్ప్రింగు ఎత్తును కొలువవలెను. కుంగిన స్ప్రింగును అట్లే ఉంచి కోణములను మాత్రమే సరిదిద్దుట రోగమును విడిచి లక్షణమునకు మందు వేయుటయే.

పరీక్షించు క్రమము

మొదట టైర్ల గాలిని, ట్రెడ్డును, వయస్సును చూడవలెను. రెండవది, చక్రపు నట్లు సరిగా బిగిసియున్నవా, రిమ్ము వంగినదా అని చూడవలెను. మూడవది, వదులు పరీక్ష. వెనుక చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, జాకీతో ముందు చక్రమునెత్తి, దూలము క్రింద గట్టి స్టాండు నిలుపవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి ఎవరును పోరాదు.

చక్రమును పైనను క్రిందను పట్టి ఊపినచో వదులు కనబడవచ్చును. అప్పుడు మరియొకరిచే బ్రేకు నొక్కించి మరల ఊపవలెను. వదులు మాయమైనచో దోషము బేరింగుది. అట్లే ఉన్నచో బాల్ జాయింటుది, తొలి నమూనాలలోనైనచో కింగ్ పిన్నుది. ఎడమ కుడి ప్రక్కల పట్టి ఊపినప్పుడు వదులున్నచో టై రాడ్ చివరి కీళ్లను చూడవలెను. దూలమును వెనుకకు బంధించు రేడియస్ ఆర్మ్ రబ్బరు బుష్ నలిగినదా అనియు పరిశీలింపవలెను. అది నలిగినచో బ్రేకు వేసినప్పుడు దూలము వెనుకకు జరిగి బండి ఒక ప్రక్కకు లాగును.

నాలుగవది, వీల్ బ్యాలెన్సింగు. అన్నింటికన్న చివరిది అలైన్‌మెంటు. ఇది చివర ఉండుటకు కారణము స్పష్టము: కీళ్లు వదులుగా ఉన్నంతవరకు కోణము స్థిరముగా ఉండదు, స్థిరముగా లేనిదానిని కొలిచి ప్రయోజనము లేదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక సైకిలుతో చూపవచ్చును. సైకిలును తలక్రిందులుగా నిలిపి ముందు చక్రమును మెల్లగా త్రిప్పి వదలినచో, బరువైన భాగము ఎల్లప్పుడు క్రిందికి వచ్చి ఆగును. ఎదుటివైపు పుల్లలకు కొద్దికొద్దిగా తీగ చుట్టుచు, చక్రము ఎక్కడనైనను ఆగునట్లు చేయవచ్చును. ఇదియే వీల్ బ్యాలెన్సింగు. పిమ్మట వెనుక చక్రపు పుల్లకు రిమ్ము దగ్గర ఒక చిన్న నట్టును గట్టిగా కట్టి పెడలుతో క్రమముగా వేగము పెంచినచో, ఒక వేగమువద్ద సైకిలు ఎక్కువగా అదరుట చూడవచ్చును. నట్టు ఊడి ఎగురవచ్చును గనుక విద్యార్థులు చక్రమునకు ఎదురుగాగాక ప్రక్కగా నిలువవలెను.

వణుకు తగ్గుట వేరు, కారణము తొలగుట వేరు. అరిగిన టైరును పారవేయుటకు ముందు దాని ట్రెడ్డును ఒకమారు చేతితో తడిమి, అది ఏ చక్రమునదో, ఏ అంచు అరిగినదో సుద్దతో దానిపైననే గుర్తుపెట్టుకొనుట మంచిది. ఆ గుర్తును మెకానిక్కునకు చూపినచో క్రొత్త టైరు దక్కును. ఒక్కొక్కప్పుడు ప్రాణమును దక్కును.