పెద్ద పళ్లెం కావలెను - ధర తక్కువగా

మా జియాలజీ వాళ్లంటే తక్కిన డిపార్టుమెంట్ల మిత్రులకు ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. సుత్తి భుజాన వేసుకొని కొండలెక్కుతామనీ, రాళ్లు ఏరుకొస్తామనీ, వాటిలో ఎప్పుడైనా బంగారం కనిపిస్తే చప్పుడు చెయ్యకుండా దాచుకుంటామనీ! ఫీల్డు నుంచి దుమ్ముకొట్టుకొని హాస్టలుకు వస్తే చాలు, "ఏమోయ్, బంగారం దొరికిందా?" అన్న పలకరింపు తప్పదు. ఈ యేటి సంచికకు వ్యాసం రాయమని సంఘం కార్యదర్శి అడిగినప్పుడు ఆ ప్రశ్నకే జవాబు రాయాలనిపించింది. అయితే ఇది బంగారాన్ని గురించిన వ్యాసం కాదు. బంగారాన్ని వెతికే పళ్లేన్ని గురించినది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, చేతిలో డబ్బు లేనివాడు పెద్ద పళ్లెం ఎలా సంపాదించుకోవాలన్న దాన్ని గురించినది.

ముందు అసలు సంగతి. బంగారం కోసం వాగు ఇసుకను పళ్లెంలో కడిగే పని మనకు కొత్తది కాదు. మన అమ్మలూ అమ్మమ్మలూ బియ్యం గాలించటం చూడనివారెవరు? గిన్నెలో నీళ్లు పోసి, బియ్యాన్ని కుదిపి, వాలుగా వంచి, తేలిన బియ్యాన్ని నీళ్లతోపాటు ఇంకో గిన్నెలోకి జారనిస్తారు. రాళ్లు అడుగున మిగిలిపోతాయి. బియ్యం కావాలి కనుక అక్కడ రాళ్లు పారేస్తాం. మాకు కావలసింది అడుగున మిగిలేది కనుక పైది పారేస్తాం. సూత్రం ఒక్కటే. పోలీసులు ఊరంతా గాలించారని పత్రికలు రాసే మాట కూడా వంటింట్లోంచి వచ్చినదే.

ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుందో చూడండి. బంగారం సాంద్రత 19.3. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్‌ది 2.65. అంటే గాలిలో బంగారం అదే పరిమాణం గల ఇసుక రేణువు కంటే సుమారు 7 రెట్లు బరువు. అదే నీళ్లలో ముంచితే ఒక్కొక్కదాని లెక్కలోంచి 1 తగ్గించాలి, ఆర్కిమెడిస్ చెప్పినట్టు. అప్పుడు 18.3కూ 1.65కూ పోలిక వస్తుంది. అది 11 రెట్లు! నీళ్లు మట్టిని కడగటమే కాదు, తేడాను పెంచుతాయి కూడా. చేటలో చెరిగితే రానిది నీళ్లలో గాలిస్తే వస్తుందనటానికి కారణం ఇదే. మధ్యలో మాగ్నటైటు (5.2), ఇల్మనైటు (4.7), గార్నెట్ (సుమారు 4) వంటివి ఉంటాయి. పళ్లెం అడుగున మిగిలే నల్ల ఇసుక ఇదే. బంగారం ఉంటే ఈ నల్ల ఇసుకలోనే దాగి ఉంటుంది.

ఇక, పళ్లెం పెద్దదెందుకు? మామూలుగా అమ్మే గాలింపు పళ్లేలు 14 నుంచి 16 అంగుళాల వెడల్పు ఉంటాయి. 16 అంగుళాలది నిండుగా నింపితే ఇంచుమించు 10 కిలోల ఇసుక పడుతుంది. ఒక లెక్క వేద్దాం. ఒక వాగు ఇసుకలో టన్నుకు 0.1 గ్రాము బంగారం ఉందనుకోండి. అంటే 10 కిలోలకు 1 మిల్లీగ్రాము. అర మిల్లీమీటరు వ్యాసం గల గుండ్రటి బంగారు రేణువు బరువు సుమారు 1.26 మిల్లీగ్రాములు. బంగారమంతా ఆ సైజు రేణువులుగానే ఉంటే పళ్లేనికి సగటున ముప్పాతిక రేణువుకు కాస్త ఎక్కువ. కానీ ముప్పాతిక రేణువు ఎక్కడా ఉండదు గదా! ఉంటే ఒకటి ఉంటుంది, లేకపోతే లేదు.

స్టాటిస్టిక్స్ చదివే మిత్రుణ్ణి అడిగితే పాయిసాన్ సూత్రం వేసి చెప్పాడు: ఇలాంటి వాగులో 10 కిలోలు కడిగితే 100కు 45 సార్లు పళ్లెంలో ఏమీ కనపడదట. 30 కిలోలు కడిగితే ఏమీ కనపడని అవకాశం 100కు 9 మాత్రమే. అసలు ప్రమాదం ఇక్కడుంది. చిన్న పళ్లెంతో ఒక్కసారి కడిగి, "ఈ వాగులో లేదు" అని మ్యాపు మీద సున్నా వేసినవాడు దాదాపు సగం సార్లు అబద్ధం రాసినట్టే. ఆ సున్నాను నమ్మి తరువాతివాడు ఆ వాగు వైపు తొంగి కూడా చూడడు. తప్పుడు సున్నా తప్పుడు బంగారం కంటే చెడ్డది. ఎందుకంటే తప్పుడు బంగారాన్ని ఎవరో ఒకరు మళ్లీ పరీక్షిస్తారు. సున్నాను ఎవరూ పరీక్షించరు.

చిన్న పళ్లెంతోనే మూడుసార్లు కడిగితే సరిపోదా? సరిపోతుంది. కానీ ఒక్క పళ్లెం శ్రద్ధగా కడగటానికి పావుగంట పడుతుంది. నడుము వంచి, మోకాలి లోతు నీళ్లలో, రోజుకు ఎన్ని? మా బృందంలో ఆరుగురం. డిపార్టుమెంటులో పనికివచ్చే పళ్లేలు రెండు. విదేశాల నుంచి తెప్పించే పెద్ద పళ్లెం ధరకు పోస్టు ఖర్చు కలిపితే మా మొత్తం ఫీల్డు భత్యానికే ఎసరు. అందుచేత మేము బజారున పడ్డాం.

బజారుకు పోయేముందు ఏమేం చూడాలో రాసుకున్నాం. ఒకటి, అడుగు కొంతైనా చదునుగా ఉండాలి. రెండు, పక్క గోడలు నిట్టనిలువుగా కాక ఏటవాలుగా ఉండాలి, అప్పుడే తేలిక ఇసుక జారిపోతుంది. మూడు, లోపల అతుకులూ రివెట్లూ ఉండరాదు. నాలుగు, తళతళ మెరవకూడదు. మెరిసే పళ్లెంలో మెరిసే రేణువును వెతకటం కష్టం. అయిదు, నూనె జిడ్డు ఉండకూడదు. ఇది చాలామందికి తట్టదు. సన్నని బంగారు రేకు జిడ్డు తగిలితే తడవదు. తడవనిది, అంత బరువైన లోహమైనా, నీటి మీద తేలి ఇసుకతోపాటు కొట్టుకుపోతుంది.

ఇక అభ్యర్థుల పరిచయం.

మొదటిది బాణలి. బజ్జీల బండి మీద ఉండే పెద్ద ఇనుప బాణలి చూపుకు ఘనంగానే ఉంటుంది. గుండ్రటి అడుగు తప్పేమీ కాదు. దక్షిణ అమెరికాలో వాడే బటేయా అనే చెక్క పళ్లెం శంఖువు ఆకారంలోనే ఉంటుంది. బరువైనదంతా నడిమధ్యకు చేరుతుంది. కానీ బాణలి అంచు దగ్గర గోడ నిటారుగా లేస్తుంది. ఇసుక బయటకు పోనంటుంది. పైగా ఏళ్ల తరబడి తాగిన నూనె!

రెండవది ప్లాస్టిక్ టబ్బు. గోడలు నిలువు. గాలించటానికి పనికిరాదు గాని, పళ్లెం కింద పెట్టుకోవటానికి దివ్యంగా పనికివస్తుంది. జారిపోయినది అందులో పడుతుంది, అనుమానం వస్తే మళ్లీ కడగవచ్చు.

మూడవది పాత సామాన్ల కొట్టులో దొరికిన డిష్ టీవీ పళ్లెం. మా వాడొకడు దాని మీద మనసు పారేసుకున్నాడు. వెడల్పు బ్రహ్మాండం, లోతు శూన్యం. పైగా బోల్టులకు బెజ్జాలు.

నాలుగవది గమేళా. తాపీ పనివాళ్లు కాంక్రీటు మోసే ఇనుప గమేళాయే. 16 నుంచి 18 అంగుళాల వెడల్పు, ఏటవాలు గోడ, అతుకులేని ఒకే రేకు, నల్లటి రంగు. ఏ ఊళ్లోనైనా ఇనుప కొట్టులో దొరుకుతుంది. ఎవరో మన కోసమే చేశారా అనిపించింది. సొట్టలు పడిన పాతదైతే ఇంకా చవక, కానీ సిమెంటు పెచ్చులు గట్టకుండా చూసుకోవాలి.

అయిదవది పెళ్లివంటల సత్తు బేసిను. రెండడుగుల వెడల్పు, చదును అడుగు, ఏటవాలు గోడ. కొనాలంటే భారమే. కాని కొననెందుకు? షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే కొట్లో రోజుకింతని అద్దెకు దొరుకుతుంది. ముహూర్తాలు లేని మూఢంలో అయితే బేరం కూడా కుదురుతుంది! దీని దోషం మెరుపు ఒకటి, జిడ్డు ఒకటి.

జిడ్డుకు మందు ఉంది. ఇనుప పాత్రను కట్టెల మంట మీద బాగా కాల్చి చల్లార్చాలి. నూనె పోతుంది, రేకు నల్లబడుతుంది కూడా. సత్తు బేసినును మాత్రం కాల్చకూడదు. బూడిదతో తోమి, వేడినీళ్లతో కడిగితే చాలు. గాలించే నీళ్లలో కాస్త కుంకుడుకాయ రసం కలిపితే సన్నరేణువులు తేలకుండా మునుగుతాయి.

ఏది మంచిదో నోటిమాటతో తేలదు గనుక పరీక్ష పెట్టాం. చేపల వలకు కట్టే సీసపు గుళ్లను సుత్తితో పలచగా కొట్టి, చిన్న ముక్కలు 20 చేసి, కాలేజీ వెనక ఇళ్లు కట్టటానికి పోసిన ఇసుకలో కలిపి, టబ్బు మీద గాలించాం. సీసం సాంద్రత 11.3, బంగారం కంటే బాగా తక్కువ. కనుక అదే సైజు సీసం పళ్లెంలో నిలిస్తే బంగారం తప్పక నిలుస్తుంది. డిపార్టుమెంటు పళ్లెంలో 19 మిగిలాయి. గమేళాలో 18. సత్తు బేసినులో 17. బాణలిలో కూడా 18 గాని, పట్టిన సమయం రెండింతలు. డిష్ పళ్లెంలో 6. దాని అభిమాని ఆ పూట టీ ఇప్పించాడు. (సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవటం మరవకండి.)

అయితే పెద్దదాన్ని చిన్నదానిలా వాడితే నడుము విరుగుతుంది. 30 కిలోలంటే సిమెంటు బస్తాలో సగానికి పైగా బరువు. మేము కుదుర్చుకున్న పద్ధతి ఇది. ముందు తాపీవాళ్ల జల్లెడను బేసిను మీద పెట్టి ఇసుకను నీళ్లతో జల్లించాలి. గులకరాళ్లకు అంటుకున్న ఒండ్రు కూడా బేసినులోకే దిగాలి. తరువాత బేసినును వాగు నీళ్లలోనే ముంచి ఉంచి, ఇద్దరు చెరోవైపు పట్టుకొని కుదపాలి. 30 కిలోల ఇసుక నీటిలో మునిగి ఉంటే చేతికి తగిలే బరువు సుమారు 19 కిలోలే. బాగా కుదిపితే బరువైనవి అడుగుకు దిగుతాయి. అప్పుడు కొంచెం వంచి పై పొరను నీళ్లతో జారనివ్వాలి. మళ్లీ కుదపాలి, మళ్లీ వంచాలి. తొందర పనికిరాదు. రెండు మూడు కిలోలు మిగిలాక గమేళాలోకి మార్చాలి. గుప్పెడు నల్ల ఇసుక మిగిలాక చిన్న పళ్లెంలోకి. అంటే పెద్ద పళ్లెం చిన్న పళ్లేన్ని తీసెయ్యదు, దానికి పని తగ్గిస్తుంది. చివర ఎండబెట్టి, కాగితం మీద పోసి, కాగితం కింద అయస్కాంతం కదిలిస్తే మాగ్నటైటు పక్కకు పోతుంది.

రెండు హెచ్చరికలు. మన దేశంలో 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజాన్వేషణ చెయ్యకూడదు. కనుక డిపార్టుమెంటు ద్వారా అనుమతి లేనిదే వాగులో దిగవద్దు. సాధనకు కాలేజీ ఇసుక, సీసపు ముక్కలు చాలు. రెండవది, పాదరసం జోలికి పోవద్దు. అది బంగారాన్ని పట్టుకునే మాట నిజమే, మనిషినీ నీటినీ విషం చేసే మాటా నిజమే. దాని వాడకాన్ని తగ్గించటానికే 2013లో మినమాట ఒప్పందం వచ్చింది. భారతదేశం 2018లో దాన్ని ఆమోదించింది.

గమేళాతో బంగారం వెతకటమేమిటని నవ్వేవారికి ఒక మాట. 1848 జనవరి 24న కాలిఫోర్నియాలో కొలోమా దగ్గర బంగారం కనపడ్డాక అక్కడికి ఎగబడినవారు రేకు పళ్లేలతోనే ఇసుక కడిగారు. కేరళలో నీలంబూరు దగ్గర చాలియార్ ఒడ్డునా, జార్ఖండ్‌లో సువర్ణరేఖ ఒడ్డునా చెక్క పళ్లెంతో గాలించి పూట గడుపుకున్నవారున్నారు. వారికి అది ప్రయోగం కాదు, ఆ రోజు బియ్యం. మన రాయలసీమలో రామగిరి, జొన్నగిరి, చిగురుగుంట ప్రాంతాల్లో పాతకాలపు బంగారు తవ్వకాల జాడలున్నాయి. ఎందరో తెలుగువారు పనిచేసిన కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ లోతు గనులకు కోట్లు కావాలి. వాగు ఇసుక చెప్పే మాట వినటానికి మాత్రం ఒక పళ్లెం, రెండు చేతులు, కాస్త ఓపిక చాలు.

కనుక జూనియర్ మిత్రులారా, పరికరం లేదని ప్రాజెక్టు ఆపుకోకండి. ముందు ఆ పరికరం చేసే పనేమిటో విడదీసి రాసుకోండి. ఆ పని చెయ్యగలది మీ ఊరి ఇనుప కొట్లోనో, పెళ్లివంటల కొట్లోనో ఉండవచ్చు. తెచ్చాక 20 సీసపు ముక్కలతో పరీక్ష పెట్టండి. ఎన్ని మిగిలాయో రికార్డులో ఉన్నదున్నట్టు రాయండి, ఎన్ని కిలోలు కడిగారో కూడా రాయండి. అప్పుడు మీరు మ్యాపు మీద వేసే సున్నాకైనా విలువ ఉంటుంది. మా గమేళాలు మూడూ లాబొరేటరీ వరండాలో మూలనున్నాయి. తీసుకుపోండి, కాని సిమెంటు కలపటానికి మాత్రం ఇవ్వకండి.