మామిడి తోపున దోమతెర ఊయల

దామలచెరువు, బంగారుపాళెం ప్రాంతపు తోపులలో తోతాపురి కాయ పక్వమునకు వచ్చు జ్యేష్ఠమాసపు రాత్రులయందు, చాప పరచుకొని కాపలా పండుకొను రైతునకు క్రిందినుండి తేలు, పాముల భయమును, చెవిచెంత దోమల రొదయును తప్పవు. నులకమంచము మోసికొనిపోవుట యొక శ్రమ, దానికి దోమతెర కట్టుటకు నాలుగు కర్రలు నాటుట మరియొక శ్రమ. రెండు చెట్ల నడుమ కట్టి, తెరను తనతోనే కుట్టుకొన్న ఊయలపడక యొక్కటి యున్నచో ఈ బాధలు చాలవరకు తీరును. ఇంటి కుట్టుమిషను మీద దానిని కుట్టుట రవిక కుట్టుటకంటె సులభమని నా నమ్మకము. ఏలయన ఇందు చంకకోతలు లేవు, అన్నియు తిన్నని గీతలే.

పెద్దల పడకగా ఊయల కరీబియను దీవుల ఆదివాసులది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యము తెరయు, వానకప్పును కలిపి కుట్టిన ఊయలలను అరణ్యములలోని తన భటుల కొసగెను. దూలమునకు వ్రేలాడు చీర ఉయ్యెల మనకు తరతరాలుగా తెలిసినదే గాని, అందు కొసలు రెండును ఒక్కచోట ముడివడుటచే శిశువు ముడుచుకొని నిద్రించును. పెద్దవాని నడుము తిన్నగా నిలువవలెనన్న కొసలు దూరముగా నుండవలెను, గుడ్డ వెడల్పై యుండవలెను, అతడు నిలువున గాక ఐమూలగా పండుకొనవలెను.

3.3 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పుగల గట్టి నైలాను గుడ్డ తీసికొని, నిలువంచులను రెండు మడతలు మడచి కుట్టి, పొట్టికొసలు రెంటిని 4 సెంటీమీటర్ల వెడల్పున మడచి మూడు వరుసల కుట్టు వేసి, ఆ మడతలలో త్రాడు దూర్చి బిగింపగా గుడ్డ కుచ్చై ఊయల రూపము దాల్చును. నూలు దారము వలదు, పాలియెస్టరు దారమే వాడవలెను. కుట్టు సన్నమైనకొలది గట్టిదను తలంపు ఇచ్చట చెల్లదు: 3 మిల్లీమీటర్లకంటె దగ్గరగా కుట్టినచో సూదిరంధ్రములు వరుసతీరి, బరువు పడగానే గుడ్డ ఆ గీత వెంబడియే చిరుగును. పిమ్మట కొసనుండి కొసకు పైన నొక త్రాడు కట్టవలెను. అది గుడ్డ పొడవులో ఆరింట ఐదు పాళ్లు, అనగా 2.75 మీటర్లు, ఉండిన చాలును. చెట్లు దగ్గరనున్నను దూరమున నున్నను ఊయల వంపు మారకుండ కాపాడునది ఈ త్రాడే. తెర వ్రేలాడునదియు దీనినుండియే.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డు రాసు దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొన్న పిమ్మట, దోమకాటు నిద్రాభంగము మాత్రమే యని యెవరును అనజాలరు. కావున తెర కుట్టునపుడు వ్రేలు దూరునంత సందైనను విడువరాదు. తెరను వదులుగా కత్తిరించి ఊయల అంచుల చుట్టును కుట్టి, ఒక ప్రక్క రెండు రన్నర్లుగల పొడవైన జిప్పు పెట్టవలెను; బిగువుగా కత్తిరించినచో మనిషి ఎక్కగనే గుడ్డ సాగి తెరకుట్లు తెగును. పలువురు మరచునది మరియొకటి: తెర యెంత చక్కగానున్నను, వీపునకు బిగిసిన పలుచని గుడ్డగుండ దోమ క్రిందినుండి కుట్టగలదు. అందుచే అడుగున రెండవ పొర కుట్టుట ఖర్చనిపించినను మానరాదు.

కట్టుటలోను నేర్పు కావలెను. త్రాడు భూమట్టమునకు 30 డిగ్రీల వాలున నున్నపుడు ఒక్కొక్క ప్రక్క మనిషి బరువంత లాగుడు పడును. బిగించి 10 డిగ్రీలకు తెచ్చినచో అది దాదాపు మూడురెట్లగును, 70 కిలోల మనిషికి 200 కిలోలు! పాత తోపులలో చెట్టునకు చెట్టునకు 10 మీటర్ల ఎడ ముండుటచే త్రాడు చాల ఎత్తున కట్టవలసివచ్చును. దగ్గరగా నాటిన క్రొత్త తోపులలో చెట్ల మ్రాను ముదిరియున్నచో ఆ చిక్కు లేదు. చెట్టు చాలలేదని కంచె రాతికూసమునకు మాత్రము కట్టకుడు. ప్రక్కకు లాగిన నది పెల్లగిలి పండుకొన్నవాని మీదనే పడును. బెరడు కోసుకొనిపోకుండ చెట్టు చుట్టును వెడల్పైన పట్టీ వేయవలెను. తలకోన మొదలగు శేషాచలపు అడవులలో అటవీశాఖ అనుమతి లేక రాత్రి యుండరాదు. తోపులోనైనను మొదటిసారి ఇసుకమూటను వేసి, మోకాలియెత్తున వ్రేలాడదీసి, కొసకుట్లను వ్రేలితో తడిమి చూచిన పిమ్మటనే ఎక్కుడు.